తిన్నది ఒంటికి పట్టనప్పుడు: పిల్లలపై హింస, వాళ్ళ ఎదుగుదల – తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై ఏళ్ళు సర్కారు బడిలో లెక్కలు చెప్పాను. ఏటా జూన్‌లో బడి తెరవగానే పిల్లల్ని గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి పెన్సిల్‌తో ఎత్తు గీసేవాణ్ని. సగటులు, గ్రాఫులు చెప్పడానికి పనికొస్తుందని మొదలుపెట్టిన పని అది. ఒక పిల్లాడి గీత మాత్రం ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా దాదాపు ఉన్నచోటే ఉంది. మధ్యాహ్న భోజనంలో అందరికంటే ఎక్కువ తినేవాడు. ఉడికించిన గుడ్డు సగం తిని, మిగతా సగం జేబులో దాచుకునేవాడు. "వాడికి తిన్నది ఒంటికి పట్టదు సార్" అన్నారు తోటి టీచర్లు. నేనూ సరే అనుకున్నాను. ఇంట్లో వాడి మీద ఏం జరుగుతోందో వాడు బడి మానేశాక గానీ తెలియలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నవీ, పిల్లల డాక్టర్లనూ కౌన్సెలర్లనూ అడిగినవీ, తల్లిదండ్రుల సమావేశాల్లో నన్ను అడిగినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మీ పిల్లల విషయంలో అనుమానం ఉంటే ఇది చదివి ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి.

హింస అంటే కొట్టడమేనా?

దెబ్బ కంటికి కనబడుతుంది కాబట్టి ముందు అదే గుర్తొస్తుంది. బెత్తం, బెల్టు, తొడపాశం, గంటసేపు గోడకుర్చీ, కాల్చిన అట్లకాడతో వాత, ఇవన్నీ శారీరక హింస. పిల్లల ఒంటి మీద చెడ్డ చెయ్యి వేయడం, చూడకూడనివి చూపించడం, వాళ్ళ చేత చేయించడం లైంగిక హింస. "నువ్వు పుట్టకపోయినా బాగుండేది" అని పొద్దస్తమానం వినిపించడం, నలుగురిలో పరువు తీయడం, ఎక్కడైనా వదిలేసి వస్తామని బెదిరించడం మానసిక హింస.

నాలుగోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది పట్టించుకోకపోవడం. జ్వరమొచ్చినా ఆస్పత్రికి తీసుకెళ్ళరు, తిన్నావా అని అడిగే మనిషి ఉండరు, పిల్ల బడికి పోతోందో లేదో ఎవరికీ తెలియదు. అయితే గతిలేక కుదరకపోవడం వేరు, ఉండీ పట్టనట్టుండటం వేరు. పొద్దుపోయాక కూలి నుంచి వచ్చి పిల్లాణ్ని ఒళ్ళోకి లాక్కుని అన్నం కలిపి పెట్టే తల్లిని నిర్లక్ష్యం చేసిందనడం అన్యాయం.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఒక అధ్యయనం వెలువరించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. 53 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందన్నారు. ఈ రెండో అంకె ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. పాత లెక్కే, కానీ "మన ఇళ్ళల్లో అలాంటివి ఉండవు" అనేవాళ్ళకు నేను ఇప్పటికీ ఇదే చెబుతాను.

కొట్టడానికీ తిట్టడానికీ, ఎత్తు పెరగడానికీ సంబంధం ఏమిటి? ఎత్తు తిండిని బట్టి కదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. దీనికి జవాబుగా నేను జర్మనీలో జరిగిన ఒక సంగతి చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1948లో, ఎల్సీ విడ్డోసన్ అనే బ్రిటిష్ పోషకాహార శాస్త్రవేత్త అక్కడి రెండు అనాథాశ్రమాల్లో పిల్లల ఎదుగుదలను గమనించారు. ఒక్కో ఆశ్రమంలో సుమారు 50 మంది. రెండింటికీ ఒకే రేషన్. రెండు వారాలకోసారి అందరి బరువూ చూసేవారు. మొదటి 6 నెలలు రెండు చోట్లా అదే తిండి. అయినా ఒక ఆశ్రమంలో పిల్లలు చక్కగా బరువు పెరిగారు, రెండోదాంట్లో పిల్లలు వెనకబడ్డారు. తర్వాతి 6 నెలలు, ముందునుంచీ బాగా పెరుగుతున్న ఆశ్రమానికి అదనంగా రొట్టె, జామ్, నారింజ రసం ఇచ్చారు. ఇంకా బాగా పెరగాలి కదా. పెరుగుదల తగ్గింది. అదనంగా ఏమీ అందని రెండో ఆశ్రమం పిల్లలు పుంజుకున్నారు.

తీరా చూస్తే తేడా తిండిలో లేదు, వార్డెన్‌లో ఉంది. మొదట్లో వెనకబడిన ఆశ్రమాన్ని నడిపినావిడ మహా కఠినం. ఎవరి తప్పు దొరికినా సరిగ్గా భోజనాల వేళే అందరి ముందు చివాట్లు పెట్టేది. ఆ తిట్లు అయ్యేసరికి గిన్నెల్లో సూపు చల్లారిపోయేది, పిల్లలు ఏడుస్తూ కూర్చునేవారు. సరిగ్గా అదనపు తిండి మొదలైన సమయానికే ఆవిడకు ఆ తిండి అందే ఆశ్రమానికి బదిలీ అయింది. ఆవిడకు ఇష్టమైన పిల్లలు 8 మంది ఉండేవారు, వాళ్ళను వెంట తీసుకెళ్ళింది. ఆ 8 మంది మాత్రం అక్కడా ఇక్కడా బాగానే పెరిగారు. 1951లో విడ్డోసన్ దీన్ని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. "ఏడిపించి పెట్టిన కూడు ఒంటికి పట్టదే" అని మన ముసలమ్మలు కోడళ్ళను కసిరేది ఊరికే కాదన్నమాట.

1967లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు ఇంకో మెట్టు ముందుకెళ్ళారు. ఎత్తు ఆగిపోయిన 13 మంది పిల్లలను పరీక్షిస్తే, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి జబ్బుపడ్డట్టే కనిపించింది. గ్రోత్ హార్మోన్ సరిగా రావడం లేదు. వీళ్ళ ఇళ్ళల్లో పరిస్థితి బాగాలేదు. పిల్లలు ఎంత తిన్నా ఇంకా తినేవారు, చెత్తబుట్టల్లో వెతుక్కునేవారు, ఎక్కడపడితే అక్కడి నీళ్ళు తాగేవారు, రాత్రిళ్ళు నిద్రపోకుండా తిరిగేవారు. ఆ ఇంటి నుంచి తప్పించి వేరేచోట ఉంచగానే, హార్మోన్ ఇంజెక్షన్లు లేకుండానే, వాళ్ళు పెరగడం మొదలుపెట్టారు.

ఎందుకిలా అంటే, గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది రాత్రి గాఢ నిద్రలో. తాగి వచ్చే తండ్రి తలుపు ఎప్పుడు తడతాడో అని చెవులు రిక్కించి పడుకునే పిల్లకు ఆ నిద్ర పట్టదు. పైగా భయంలో ఒంట్లో ఊరే కార్టిసాల్ అనే హార్మోన్ నెలల తరబడి ఎక్కువగా ఉంటే ఎముకల పెరుగుదలకు అడ్డుపడుతుంది, రోగనిరోధక శక్తిని కుంగదీస్తుంది. ఆకలి కూడా దారి తప్పుతుంది, కొందరు తినలేరు, కొందరు ఆపలేరు.

జేబులో గుడ్డు దాచుకున్న పిల్లాడి గురించి ఇదంతా చదివాకే నాకు అర్థమైంది.

మా వాడు క్లాసులో అందరికంటే పొట్టి. అంటే ఎవరో హింసిస్తున్నారని అనుమానించాలా?

అక్కర్లేదు. ఎక్కువమంది పొట్టి పిల్లలు అమ్మానాన్నల పోలికతోనో, ఆలస్యంగా ఈడేరే తత్వంతోనో అలా ఉంటారు. రక్తహీనత, నులిపురుగులు, థైరాయిడ్, పేగుల జబ్బులు, కిడ్నీ సమస్యలు కూడా ఉండొచ్చు. నాలుగేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లలు మామూలుగా ఏడాదికి 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరుగుతారు. 4 కన్నా తక్కువైతే పిల్లల డాక్టరుకు చూపించాలి. అంగన్‌వాడీలో ఇచ్చిన ఎదుగుదల కార్డు పారేయకండి, అందులోని గీత డాక్టరుకు బాగా పనికొస్తుంది. పరీక్షలన్నీ బాగుండి, పిల్లాడు ఇంట్లో ఒకలా, అమ్మమ్మ ఊళ్ళో రెండు నెలల సెలవుల్లో ఇంకోలా ఉంటే మాత్రం అప్పుడు ఆలోచించండి.

మెదడు మీద ఏం ప్రభావం పడుతుంది?

బోరు మోటారు సంగతి తీసుకోండి. ట్యాంకు నిండాక ఆపేస్తాం. ఆపకుండా రాత్రింబవళ్ళు తిప్పితే వైండింగ్ కాలిపోతుంది. టెన్షన్ కూడా అంతే. పరీక్షలనో, ఇంజెక్షన్ అనో కాసేపు గుండె దడదడలాడి తర్వాత సర్దుకుంటే పిల్లలకు ఏమీ కాదు, అది బతకడానికి కావలసిందే. దగ్గరికి తీసుకుని "ఏం కాలేదులే" అనే పెద్దవాళ్ళే దానికి స్విచ్చు. ఆ పెద్దవాళ్ళ వల్లే భయమైతే స్విచ్చు ఎవరు ఆపుతారు?

అలా ఆగని భయం మెదడులో ముఖ్యంగా మూడు చోట్ల దెబ్బకొడుతుంది. బాదంగింజంత ఉండే అమిగ్డలా ప్రమాదాన్ని పసిగట్టే భాగం, అది అతిగా పనిచేయడం మొదలుపెడుతుంది. జ్ఞాపకానికీ చదువుకూ అవసరమైన హిప్పోక్యాంపస్ రెండోది. చిన్నప్పుడు హింసను అనుభవించిన పెద్దవాళ్ళను స్కాన్ చేసిన అధ్యయనాల్లో అది సగటున కొంచెం చిన్నగా కనిపించింది. మూడోది నుదుటి వెనక ఉండే భాగం. కోపం ఆపుకోవడం, ముందువెనకలు ఆలోచించడం దాని పని. ఇది పూర్తిగా తయారవ్వడానికి ఇరవై ఏళ్ళు దాటుతుంది. అంటే దెబ్బతినడానికీ, బాగుపడటానికీ కూడా చాలా కాలం ఉందన్నమాట.

చంటిపిల్లలకు ఏం తెలుస్తుంది? పెద్దయ్యాక గుర్తే ఉండదు కదా?

గుర్తుండదు నిజమే. కానీ మెదడు అన్నిటికంటే వేగంగా పెరిగేది అప్పుడే. రెండేళ్ళు నిండేసరికి అది పెద్దవాళ్ళ మెదడులో మూడొంతులకు పైగా పరిమాణానికి వస్తుంది. పాప "ఊ" అంటే అమ్మ "ఊఁ, ఏంటమ్మా" అనడం, ఉగ్గుగిన్నె చూపిస్తే నవ్వడం, ఇవన్నీ కలిసి ఆ మెదడును అల్లుతాయి.

ఇవేవీ లేకపోతే ఏమవుతుందో రొమేనియాలో చూశారు. అక్కడి అనాథాశ్రమాల్లో తొట్లలో పడుకోబెట్టి వేళకు పాలు పట్టేవారు, ఎత్తుకునేవారు ఉండరు. 2000లో బుకారెస్ట్‌లో 136 మంది పసివాళ్ళతో మొదలైన అధ్యయనంలో సగం మందిని చీటీలు తీసినట్టు ఎంపిక చేసి పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. వాళ్ళు ఎత్తూ బరువూ పుంజుకున్నారు, మాటలు వచ్చాయి, తెలివితేటల పరీక్షల్లో ముందుకెళ్ళారు. రెండేళ్ళ లోపు ఇంటికి చేరినవాళ్ళకు లాభం ఎక్కువ.

ఇంకో విషయం ఇక్కడే చెప్పాలి. ఏడుపు ఆపడం లేదని పసిబిడ్డను భుజాలు పట్టి కుదపకండి. మెడ నిలవని బిడ్డకు మెదడులో రక్తనాళాలు తెగుతాయి, చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. బయటికి ఒక్క గాటు కూడా కనిపించదు. ఓపిక నశిస్తే బిడ్డను మంచం మీద కాదు, ఊయలలోనో చాప మీదో పడుకోబెట్టి ఐదు నిమిషాలు బయటికి వెళ్ళి నిలబడండి. కామెర్లకూ పాలు కక్కుతున్నందుకూ చురకలు పెట్టించడం కూడా బిడ్డను కాల్చడమే, పెద్దల మాట అని ఒప్పుకోకండి.

ఒంటి మీద మచ్చ చూసి ఆటలో తగిలిందో, ఎవరైనా కొట్టారో చెప్పగలమా?

కచ్చితంగా చెప్పాల్సింది డాక్టరు. కానీ కొంత అంచనా వేయొచ్చు. మోకాళ్ళు, మోచేతులు, నుదురు, పిక్కల ముందు భాగం ఆటల దెబ్బలు. వీపు, చెవులు, బుగ్గలు, తొడల లోపలి వైపు మచ్చలుంటే ఆలోచించాలి. ఇంకా పాకడం రాని బిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చ ఉంటే తప్పకుండా అడగాలి. అయితే మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము కింద నీలం మచ్చలు ఉంటాయి, వాటిని చూసి కంగారుపడొద్దు.

బడిలో ఎలా తెలుస్తుంది?

బోర్డు తుడవడానికి మీరు డస్టర్ ఎత్తగానే ముందు బెంచీలో ఒకడు చటుక్కున తల తప్పించుకుంటాడు. మీరు కొట్టడానికి ఎత్తలేదు, వాడికి అది తెలుసు కూడా. అయినా ఒళ్ళు తప్పించుకుంటుంది. నా క్లాసులో ఇలాంటివాళ్ళను ఏళ్ళ తరబడి చూసి, "పిరికి వెధవ" అని నవ్విన రోజులున్నాయి.

ఇలాంటి పిల్లల చెవి పాఠం మీద ఉండదు, టీచరు గొంతులో కోపం ఎంతుందో దాని మీద ఉంటుంది. కాబట్టి చదువు ఒంటబట్టదు. కొందరు చిన్న మాటకే కలబడతారు. కొందరు గోడకు అంటుకుపోయినట్టుంటారు, వాళ్ళను మనం "బుద్ధిమంతులు" అంటాం. అదే అసలు ప్రమాదం, గొడవ చేసేవాణ్ని అయినా నలుగురూ గమనిస్తారు. చివరి గంట కొట్టాక కూడా బ్యాగు సర్దుకోకుండా తచ్చాడే పిల్లను "ఇంటికి పోవా?" అని కసరకుండా ఓసారి పక్కన కూర్చోబెట్టి మాట్లాడండి. పెద్ద క్లాసుకొచ్చాక మళ్ళీ పక్క తడపడం, ఉన్నట్టుండి మార్కులు పడిపోవడం, కారణం దొరకని కడుపునొప్పి కూడా అడిగి చూడాల్సినవే.

మమ్మల్నీ కొట్టే పెంచారు. మేం బాగానే ఉన్నాం కదా?

"మొక్కై వంగనిది మానై వంగునా", "దండం దశగుణం" అన్నవి నాకూ తెలుసు. మొదటి పదేళ్ళు నేను చింత బరిక పట్టినవాణ్నే. నా దగ్గర దెబ్బలు తిన్నవాళ్ళు ఇప్పుడు కనిపిస్తే కాళ్ళకు దండం పెడతారు, "మీ దెబ్బల వల్లే సార్ బాగుపడ్డాం" అంటారు. కానీ దెబ్బలకు భయపడి బడి మానేసినవాళ్ళు వచ్చి దండం పెట్టరు కదా. వాళ్ళు నా లెక్కలోకే రాలేదు. సగం మందిని వదిలేసి తీసిన సగటు అది.

2016లో ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ అనే ఇద్దరు పరిశోధకులు 1,60,000 మందికి పైగా పిల్లల మీద, 50 ఏళ్ళ కాలంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. చేత్తో కొట్టే మామూలు దెబ్బల గురించే. దెబ్బలు ఎక్కువైన కొద్దీ మొండితనం, పోట్లాటలు, మానసిక ఇబ్బందులు ఎక్కువగానే కనిపించాయి, క్రమశిక్షణ పెరిగినట్టు కనిపించలేదు. ఒక్క దెబ్బతో జీవితం పాడైపోతుందని ఎవరూ అనడం లేదు.

చట్టం సంగతంటారా, విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. "మా వాడికి నాలుగు తగిలించండి సార్" అని తల్లిదండ్రులే చెప్పినా టీచరుకు ఆ అధికారం లేదు.

ఇంటర్ హాస్టల్లో మార్కులు తగ్గితే అందరి ముందు తిడుతున్నారు. అదీ హింసేనా?

ఒకరోజు గట్టిగా మందలించడం వేరు. ర్యాంకుల ప్రకారం సెక్షన్లు మార్చి, కింది సెక్షన్‌ను పేరుపెట్టి హేళన చేయడం, ఫోన్‌లో అమ్మతో మాట్లాడనివ్వకపోవడం, రోజూ "నీ మీద పెట్టిన డబ్బు దండగ" అనడం వేరు. 18 ఏళ్ళు నిండనివాళ్ళు చట్టం దృష్టిలో పిల్లలే. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లోని 75వ సెక్షన్ ప్రకారం, తమ సంరక్షణలో ఉన్న పిల్లలను శారీరకంగానో మానసికంగానో బాధపెట్టడం నేరం. మీ వాడు ఆదివారం ఫోన్లో "బాగానే ఉన్నా" అని పొడిపొడిగా అంటుంటే మార్కుల గురించి అడక్కండి. వెళ్ళి చూసి రండి.

అమ్మానాన్నలు కొట్టుకుంటే, పిల్లల మీద చెయ్యి పడకపోయినా నష్టమేనా?

నష్టమే. పక్కగదిలో దుప్పటి కప్పుకుని వింటున్న పిల్ల ఒంట్లో జరిగేది దెబ్బ తిన్న పిల్ల ఒంట్లో జరిగేదానికి దగ్గరగానే ఉంటుంది.

లైంగిక హింస జరిగిందని ఎలా గుర్తించాలి?

చాలాసార్లు ఏ గుర్తూ ఉండదు. డాక్టరు పరీక్షలో ఏమీ కనిపించకపోయినంత మాత్రాన జరగలేదని కాదు. ఫలానా మామయ్య, ఫలానా ట్యూషన్ సారు, ఫలానా ఆటో అంటే పిల్ల బిగుసుకుపోవడం, వయసుకు మించిన మాటలూ ఆటలూ, ఒంటరిగా స్నానానికో నిద్రకో భయపడటం, మూత్రంలో మంట, ఎవరిచ్చారో చెప్పని చాక్లెట్లూ డబ్బులూ, ఇలాంటివి గమనించాలి. చేసేవాళ్ళు ఎక్కువగా తెలిసినవాళ్ళే. "కొత్తవాళ్ళతో మాట్లాడొద్దు" అని నేర్పి చేతులు దులుపుకుంటే సరిపోదు.

మగపిల్లలకు జరగదనుకోవడం పెద్ద పొరపాటు. పైన చెప్పిన 2007 అధ్యయనంలో బాధితుల్లో సగానికి పైగా అబ్బాయిలే. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒకేలా వర్తిస్తుంది.

ఎదుగుదల మీద దీని ప్రభావం వేరుగా కూడా ఉంటుంది. అమెరికాలో 1987 నుంచి కొందరు బాధిత బాలికలను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనంలో, తోటివారికంటే సగటున 8 నెలల నుంచి ఏడాది ముందే వాళ్ళలో యుక్తవయసు మార్పులు మొదలైనట్టు తేలింది. ఒళ్ళు ముందే ఎదిగి, మనసు వెనకే ఉండిపోతే ఆ పిల్ల పడే యాతన వేరే చెప్పాలా? అయితే ముందుగా రజస్వల అవడానికి ఇంకా చాలా కారణాలున్నాయి, దీన్ని పట్టుకుని ఎవరినీ అనుమానించొద్దు.

పిల్ల నోరు తెరిచి చెబితే ఆ నిమిషంలో ఏం చెయ్యాలి?

ముందు మీ ముఖం జాగ్రత్త. మీరు తల బాదుకున్నా, "అయ్యో మన పరువు" అన్నా పిల్ల అక్కడే ఆగిపోతుంది, మళ్ళీ చెప్పదు. పిల్ల ఎంత ఎత్తులో కూర్చుంటే అంత ఎత్తులోనే మీరూ కూర్చోండి. "చెప్పి మంచిపని చేశావు బంగారూ. నేను నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పేం లేదు." ఈ మూడు మాటలు చాలు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం అడగొద్దు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకండి, అది మీరు నిలబెట్టుకోలేరు. "నిన్ను కాపాడటానికి చెప్పాల్సినవాళ్ళకే చెబుతాను" అనండి.

పదిమంది చుట్టాలు పదిసార్లు అడిగి చెప్పించకండి. పిల్ల ఎలా చెప్పిందో అవే మాటలు ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి పెట్టుకోండి. చేసినవాణ్ని పిలిచి ఎదురుగా నిలబెట్టి తేల్చుకుందాం అనుకోవద్దు. ఈమధ్యే జరిగితే స్నానం చేయించకుండా, ఆ బట్టలు ఉతక్కుండా కాగితం కవర్లో పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. గర్భం రాకుండా, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి. పోలీసు కాగితం లేదని ఆస్పత్రి అత్యవసర వైద్యం ఆపకూడదు.

ఎవరికి చెప్పాలి? కేసు పెడితే పిల్ల పేరు బయటికి రాదా?

1098కి ఫోన్ చేయండి. అది పిల్లల కోసం పెట్టిన నంబరు, ఉచితం, రాత్రి పగలు పనిచేస్తుంది. పిల్లలే స్వయంగా చేయొచ్చు. ప్రాణాపాయం ఉంటే 112. జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ, బాలల పరిరక్షణ విభాగం, ఆడవాళ్ళకూ ఆడపిల్లలకూ అండగా ఉండే సఖి కేంద్రం ఉంటాయి. హైదరాబాద్‌లో 2016లో పోలీసులు మొదలుపెట్టిన భరోసా కేంద్రంలో వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం ఒకేచోట దొరుకుతాయి.

లైంగిక హింస జరిగిందని తెలిసీ చెప్పకపోవడం నేరం. 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం ప్రకారం 6 నెలల దాకా జైలు పడొచ్చు, సంస్థను నడిపేవాళ్ళు దాచిపెడితే ఏడాది దాకా. ఊళ్ళో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి డబ్బుతో రాజీ చేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

పేరు విషయంలో భయం సహజం. పిల్ల పేరు, ఫొటో, ఊరు, బడి, కుటుంబం ఏదీ మీడియాలో రాకూడదని అదే చట్టం చెబుతోంది. వాంగ్మూలం కోసం స్టేషన్‌కు రానక్కర్లేదు. ఇంటికో, పిల్ల కోరిన చోటికో యూనిఫాం లేకుండా పోలీసులే రావాలి, వీలైనంతవరకు మహిళా ఎస్సై. కోర్టులో నిందితుడు పిల్ల కళ్ళబడకుండా చూడాలి. కాగితం మీద ఉన్నదంతా ప్రతిచోటా అలాగే జరుగుతుందని నేను అనను. కానీ ఇది మీ హక్కని తెలిసి అడిగితే జరిగే అవకాశం పెరుగుతుంది.

అమెరికాలో ఉంటున్నాం. చిన్న దెబ్బ వేసినందుకు స్కూలువాళ్ళు ఇంటికి మనుషుల్ని పంపారు. ఇది అతి కాదా?

అక్కడ టీచర్లకూ డాక్టర్లకూ అనుమానం వస్తే చెప్పి తీరాల్సిన బాధ్యత ఉంది, వాళ్ళు మీ మీద పగతో చేయలేదు. స్వీడన్ 1979లోనే ఇంట్లో కొట్టడాన్ని కూడా నిషేధించింది. న్యూజిలాండ్ 2007లో, స్కాట్లాండ్ 2020లో, వేల్స్ 2022లో ఆ దారి పట్టాయి. "మా ఇండియాలో మామూలే" అనే మాట అక్కడ పనికిరాదు.

పెద్దయ్యాక కూడా దీని ప్రభావం ఉంటుందా?

అమెరికాలోని శాన్ డియేగోలో ఊబకాయం క్లినిక్ నడుపుతున్న విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరుకు, బరువు బాగా తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేయడం వింతగా అనిపించింది. ఆరా తీస్తే చాలామందికి చిన్నప్పుడు లైంగిక హింస జరిగింది. అక్కడి నుంచి రాబర్ట్ ఆండాతో కలిసి 17,000 మందికి పైగా జనాన్ని వాళ్ళ బాల్యం గురించి అడిగారు. తొలి ఫలితాలు 1998లో వచ్చాయి. నాలుగు, అంతకంటే ఎక్కువ రకాల బాధలు పడినవాళ్ళలో తాగుడు, మత్తుమందులు, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నాలు, ఏమీ పడనివాళ్ళతో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు కూడా ఎక్కువే. ఇది వేలమంది మీద తీసే సగటు. ఒక మనిషి జాతకం కాదు.

దెబ్బలు తిన్నవాళ్ళు రేపు తమ పిల్లల్ని కొడతారంటారు. నిజమా?

అవకాశం కొంత ఎక్కువ. కానీ ఎక్కువమంది అలా చేయరు. "తండ్రి బుద్ధే వస్తుంది" అని పిల్లాడి ముఖం మీదే అనేవాళ్ళు ఆ మాటతో ఇంకో దెబ్బ వేస్తున్నారు.

ఆగిపోయిన ఎదుగుదల మళ్ళీ వస్తుందా? పిల్లలు కోలుకుంటారా?

ఎత్తు విషయంలో, పిల్లలు భయంలేని చోటికి చేరితే కొద్ది నెలల్లోనే తేడా కనిపిస్తుంది, ఎంత చిన్నవయసులో చేరితే అంత మంచిది. మనసు సంగతి ఇంకాస్త నిదానం. హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, తాగుబోతు తండ్రులు, ఇంట్లో గొడవలు లాంటివి చుట్టుముట్టిన పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా పెరిగి పెద్దయ్యారు. వాళ్ళలో ఎక్కువగా కనిపించిన సంగతి ఒకటే. తాతమ్మో, టీచరో, పక్కింటావిడో, ఎవరో ఒక పెద్దమనిషి వాళ్ళను గట్టిగా పట్టుకుని ఉన్నారు.

శిక్షణ ఉన్న కౌన్సెలర్లు పిల్లల చేత బొమ్మలు వేయించి, ఆడించి, జరిగినదాన్ని కొద్దికొద్దిగా చెప్పిస్తారు, పెంచే పెద్దవాళ్ళనూ కూర్చోబెట్టి మాట్లాడతారు. ఇంట్లో చేయగలిగింది కూడా ఉంది. వేళకు అన్నం, వేళకు నిద్ర, చెప్పిన టైముకు రావడం. "ఆరింటికి వస్తా" అంటే ఆరింటికే కనబడటం. హింస పడ్డ పిల్లకు అది పెద్ద మందు.

నాకే చిన్నప్పుడు జరిగింది. ఇప్పుడు ఎవరితో మాట్లాడాలి?

14416కు ఫోన్ చేయొచ్చు. టెలీమానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ అది, తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పాలనిపించకపోతే చెప్పనక్కర్లేదు.

కోపంలో నేనే కొట్టేస్తున్నాను. తర్వాత ఏడుస్తున్నాను. ఎలా మానాలి?

ఈ ప్రశ్న ఒకమ్మాయి చీటీ మీద రాసిచ్చింది, పైకి అడగలేక. అడిగిందంటే సగం పని అయినట్టే.

ఏ వేళలో చెయ్యి లేస్తుందో వారంపాటు రాసుకోండి. ఎక్కువ ఇళ్ళల్లో అది హోమ్‌వర్క్ వేళో, అన్నం తినిపించే వేళో, అత్తగారో మొగుడో ఏదో అన్న తర్వాతి పావుగంటో అయి ఉంటుంది. ఆ వేళకు పిల్లాణ్ని ఇంకొకరికి అప్పగించండి, లేదంటే హోమ్‌వర్క్ ఆ రోజుకు వదిలేయండి. టీచరుకు నేను చెప్పానని చెప్పండి. కోపం నెత్తికెక్కుతున్నట్టు తెలియగానే గది దాటి వెళ్ళి మంచినీళ్ళు తాగండి. కాన్పయ్యాక నెలల తరబడి దిగులుగా ఉండి, బిడ్డను చూస్తేనే చిరాకేస్తుంటే అది జబ్బు కావచ్చు, డాక్టరుకు చెప్పండి.

చెయ్యి చేసుకున్నాక ఊరుకోకండి, చాక్లెట్ కొనిచ్చి సర్దేయకండి. "నిన్ను కొట్టాను. తప్పు నాదిరా. నువ్వు గ్లాసు పగలగొట్టడం వేరు, నేను కొట్టడం వేరు" అని వాడి ముందే అనండి. మొదటిసారి వాడు నమ్మడు, దూరంగా నిలబడే వింటాడు. నాలుగోసారో ఐదోసారో, మీరు పళ్ళెం అందుకోవడానికి చెయ్యి చాపినప్పుడు తల తప్పించుకుంటున్నాడో లేదో చూడండి.